కంప్యూటేషనల్ బయాలజిస్ట్ కెరీర్: రీసెర్చ్ పేపర్‌లో మీ పేరు ఎక్కడుంటుందన్నదే అసలు లెక్క

మీరు అడిగింది మిగతావాళ్ల కోసం కుదించి చెప్తాను. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది. పైథాన్ కొద్దిగా వచ్చు. కంప్యూటేషనల్ బయాలజీలో, అంటే లెక్కలతో, కంప్యూటర్‌తో బయాలజీ ప్రశ్నలు తేల్చే రంగంలో, పీహెచ్‌డీ చేసి పరిశోధనలోనే స్థిరపడాలని ఉంది. ఇంట్లో మాత్రం అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లో చేరమంటున్నారు. ఈ దారి ఎలా ఉంటుంది, ఎన్నేళ్లు పడుతుంది, ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ లాంటి ఏఐ ప్రోగ్రాంలు వచ్చాక అసలు మనుషులతో పని ఉంటుందా అని మీ టెన్షన్.

నేను ఈ రంగంలోకి వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ, విదేశంలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత ఇంకొకరి ల్యాబ్‌లో చేసే పరిశోధన), తిరిగొచ్చాక సొంత గ్రూపు. ఇప్పుడు పీహెచ్‌డీ ఇంటర్వ్యూల్లో ప్రశ్నలడిగే వైపు కూర్చుంటున్నాను. కాబట్టి అటునుంచి చూస్తే ఏం కనిపిస్తుందో అదే ఎక్కువగా చెప్తాను.

మీ ప్రశ్నలో సగం కోడింగ్ గురించే ఉంది. ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి, మెషీన్ లెర్నింగ్ ఎంత రావాలి అని. అది రావాలి, నిజమే. కానీ ఈ కెరీర్‌లో నిలబడ్డవాళ్లనూ మధ్యలో ఆగిపోయినవాళ్లనూ చూస్తే తేడా అక్కడ లేదు. బాగా కోడ్ రాసేవాళ్లే చాలామంది ఆగిపోయారు. నిలబడ్డవాళ్లందరికీ తమదంటూ ఒక బయాలజీ ప్రశ్న ఉంది. మిగతావాళ్లు ఎవరి డేటా వస్తే వాళ్లకు లెక్కలు కట్టి ఇచ్చారు. ఎందుకిలా అవుతుందో వివరంగా చెప్తాను, ఎందుకంటే పీహెచ్‌డీలో చేరేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఈ రంగాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఎవరికీ ఇందులో డిగ్రీ లేదు. మార్గరెట్ డేహాఫ్ చదివింది క్వాంటం కెమిస్ట్రీ. పంచ్ కార్డుల యంత్రాల కాలం నుంచే లెక్కలు చేసిన మనిషి. ప్రొటీన్ సీక్వెన్సులన్నీ (వాటిలోని అమినో ఆమ్లాల వరుసలు) ఒకచోట పెడితే పరిణామం ఎలా జరిగిందో లెక్కగట్టవచ్చని ఆమెకు తట్టింది. 1965లో తెచ్చిన అట్లాస్‌లో ఉన్నవి 65 ప్రొటీన్లే. ఇవాళ అమినో ఆమ్లాలకు మనం రాసే ఒంటి అక్షరం కోడ్ కూడా ఆమె పెట్టిందే. అంతకు రెండేళ్ల ముందే మద్రాస్ యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో వంగలేదో లెక్కేసి పటం గీశారు. రామచంద్రన్ ప్లాట్ మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. ఇప్పటికీ కొత్త ప్రొటీన్ నిర్మాణం ఏది వచ్చినా ఆ పటం మీద పెట్టి చూడాల్సిందే. రెండు సీక్వెన్సులను పోల్చే స్మిత్-వాటర్‌మన్ అల్గారిదమ్‌లోని వాటర్‌మన్ గణితం మనిషి. 1990లో, పోలిక ఉన్న సీక్వెన్సులను వెతికే బ్లాస్ట్ ప్రోగ్రాం రాసిన అయిదుగురిలో ఒకరైన యూజీన్ మయర్స్ కంప్యూటర్ సైంటిస్టు. తర్వాతి తరంలో హెంగ్ లీ ఫిజిక్స్ నుంచి వచ్చి, ఇంగ్లండ్‌లోని సాంగర్ ఇన్‌స్టిట్యూట్‌లో పోస్ట్‌డాక్‌గా ఉన్నప్పుడే డీఎన్‌ఏ ముక్కల డేటాను జీనోమ్ మీద అమర్చి చూసే బీడబ్ల్యూఏ, శామ్‌టూల్స్ ప్రోగ్రాంలు రాశాడు. రెండూ 2009లో వచ్చాయి. జీనోమ్ డేటాతో పనిచేసే ల్యాబ్‌లలో వీటిని వాడనిది దొరకడం కష్టం.

బయాలజీ చదివి ఈ స్థాయికి ఎవరూ రాలేదా అంటే వచ్చారు. మదన్ బాబు చెన్నై అన్నా యూనివర్సిటీలో బయోటెక్నాలజీ బీటెక్ చేశాడు. కేంబ్రిడ్జ్‌లోని ఎంఆర్‌సీ ల్యాబొరేటరీలో పీహెచ్‌డీ పూర్తిచేసిన కొద్దికాలానికే అక్కడే సొంత గ్రూపు పెట్టాడు, 2020లో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆస్పత్రికి మారాడు. నిశ్చితమైన ఆకారం లేని ప్రొటీన్ భాగాలు కణంలో ఏం చేస్తాయి, మందులు పనిచేసే జీపీసీఆర్ ప్రొటీన్లు సంకేతాన్ని లోపలికి ఎలా పంపుతాయి అన్న ప్రశ్నల చుట్టూనే ఆయన పని చాలావరకు తిరుగుతుంది. పద్ధతులు మారుతూ వచ్చాయి, ప్రశ్నలు మారలేదు. డిగ్రీ బయోటెక్నాలజీ అని మీరు దిగులు పడాల్సిన పని లేదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

ఇప్పుడు మన దగ్గరి పని ఒకటి చూద్దాం. ఆపరేషన్ సమయంలో మత్తు డాక్టర్లు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలీన్ అనే మందు వాడతారు. మామూలుగా దాని ప్రభావం కొద్ది నిమిషాల్లోనే పోతుంది. బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ రక్తంలో దాన్ని విడగొట్టేస్తుంది. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులో లోపం ఉంటే మందు దిగదు. రోగి గంటలకొద్దీ సొంతంగా ఊపిరి తీసుకోలేడు, వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. తెలుగు నేలకు చెందిన వైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్లలో కంటే సుమారు 100 రెట్లు ఎక్కువ. ఈ విషయం మత్తు డాక్టర్లకు అనుభవం మీద తెలుసు. ఎందుకు అన్నదే ప్రశ్న.

హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ బృందం కలిసి 2009లో ఒక పేపర్ వేశారు. 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్‌ఏ చూశారు. దేశంలో చాలా సమూహాలు తక్కువమంది పూర్వీకుల నుంచి మొదలై, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని డీఎన్‌ఏలోనే కనిపించింది. ఆ కొద్దిమంది పూర్వీకుల్లో ఒకరికి ఉన్న లోపమే అలా తర్వాతి తరాల్లో ఎక్కువమందికి చేరుతుంది. వైశ్యుల విషయంలో ఆ ఆరంభం 100 తరాలకు పైగా వెనక్కి వెళ్తుందని లెక్క తేలింది. లెక్క వెనక ఉన్న ఆలోచన అందమైనది. ఒకే పూర్వీకుడి నుంచి ఇద్దరికి ఒకే డీఎన్‌ఏ ముక్క వస్తే, ఆ పూర్వీకుడు ఎంత దగ్గరివాడైతే ముక్క అంత పొడవుగా ఉంటుంది. తరం తరానికీ అది తెగి చిన్నదవుతుంది. అంటే ముక్కల పొడవులు కొలిస్తే కాలం తెలుస్తుంది. 2017లో అదే బృందం 2,800 మందికి పైగా డేటాతో మళ్లీ చూసింది. 263 సమూహాల్లో 81 సమూహాలకు ఈ ఆరంభపు ఇరుకు (కొద్దిమంది పూర్వీకుల నుంచే మొదలవడం) ఫిన్లాండ్ ప్రజలకంటే, అష్కెనాజీ యూదులకంటే ఎక్కువగా ఉంది. జన్యువ్యాధుల పరిశోధనలో ఆ రెండు సమూహాలనే ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పుకుంటుంది. మన దగ్గర పది లక్షలకు పైగా జనాభా ఉన్న సమూహాలు కూడా ఆ 81లో ఉన్నాయి.

దీన్ని ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఒక కంప్యూటేషనల్ పేపర్ నిలబడడానికి ఏమేం కావాలో ఇందులో అన్నీ ఉన్నాయి. మత్తు డాక్టర్ల పరిశీలన ఉంది. దేశమంతా తిరిగి, ఒప్పుకోలు తీసుకుని సేకరించిన రక్త నమూనాలు ఉన్నాయి. అది ఎన్నో ఏళ్ల చాకిరీ. గణితం ఉంది. వీటన్నింటినీ కలిపిన ప్రశ్న ఉంది. ప్రోగ్రాం రాయడం ఇందులో అవసరమే, కానీ ఆ ఒక్కటే చేతిలో ఉన్న మనిషి ఈ పేపర్ రాయలేడు.

ఇక రోజువారీ పని. బయటి నుంచి చూసేవాళ్లు పొద్దస్తమానం మోడల్స్ ట్రెయిన్ చేస్తుంటామని అనుకుంటారు. ఎక్కువ సమయం డేటాని అనుమానించడంలోనే పోతుంది. మనిషి జీనోమ్‌లో ప్రొటీన్‌కి కోడ్ చేసే జన్యువులు సుమారు 20,000. రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య ప్రతి జన్యువునూ విడివిడిగా పోల్చి, 0.05 కంటే తక్కువ పీ-వాల్యూ (అసలు తేడా లేకపోయినా అంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) వచ్చినవన్నీ ఏరారనుకోండి. నిజంగా ఏ తేడా లేకపోయినా సుమారు 1,000 జన్యువులు చేతికొస్తాయి. అందుకే ఇన్ని పోలికలు ఒకేసారి చేసినప్పుడు పీ-వాల్యూలను సవరించాలి. ఈ సవరణ ఎందుకు చేయాలో ఇంటర్వ్యూలో అడిగితే, కమాండ్ చెప్పేవాళ్లు ఎక్కువ, కారణం చెప్పేవాళ్లు తక్కువ.

అంతకంటే కష్టమైనది బ్యాచ్ సమస్య. ఒకసారి మాకు బయటి నుంచి డేటా వచ్చింది. కేసులకూ కంట్రోల్స్‌కూ మధ్య తేడా అద్భుతంగా ఉంది, గ్రాఫ్‌లో రెండు గుంపులు విడివిడిగా నిలబడ్డాయి. అందరూ సంతోషపడ్డారు. ఏ శాంపిల్ ఏ రోజు సీక్వెన్స్ చేశారో అడిగితే చెప్పడానికే చాలా రోజులు పట్టింది. తీరా చూస్తే రోగుల శాంపిళ్లన్నీ ఒక కిట్‌తో ఒకసారి, ఆరోగ్యవంతులవన్నీ ఇంకో కిట్‌తో ఇంకోసారి చేశారు. కనిపించిన తేడా జబ్బుదో కిట్‌దో ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. శాంపిళ్లు తీసేముందు మనల్ని ఒక్క మాట అడిగి ఉంటే రెండు రకాలూ కలిపి చేయమని చెప్పేవాళ్లం. అందుకే ప్రయోగం మొదలవకముందే మిమ్మల్ని కూర్చోబెట్టుకుని మాట్లాడే ల్యాబ్‌తోనే పనిచేయండి. డేటా వచ్చాక పిలిచేవాళ్లతో జాగ్రత్త.

చిన్న విషయాలు కూడా కొంప ముంచుతాయి. ఎక్సెల్‌లో సెప్ట్2, మార్చ్1 అని జన్యువు పేరు టైప్ చేస్తే అది తేదీగా మారిపోతుంది. ఎక్సెల్ ఫైళ్లలో జన్యువుల జాబితాలు జతచేసిన పేపర్లను 2016లో పరిశీలిస్తే దాదాపు అయిదో వంతులో ఈ తప్పు దొరికింది. చివరికి మైక్రోసాఫ్ట్‌తో మనకెందుకని, 2020 నాటికి జన్యువుల పేర్లే మార్చేశారు! సెప్ట్2 ఇప్పుడు సెప్టిన్2 అయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన రంగంలో పేపర్ మీద పేర్ల వరుసకు చాలా అర్థం ఉంది. మొదటి పేరు పని చేసిన మనిషిది. చివరి పేరు ల్యాబ్ పెద్దది, అంటే ప్రశ్న ఎవరిదో వాళ్లది. మధ్యలో ఉన్నవాళ్లు సాయపడినవాళ్లు. కంప్యూటర్ పని వచ్చిన పీహెచ్‌డీ విద్యార్థికి ల్యాబ్‌లో గిరాకీ ఎక్కువ. పక్క ల్యాబ్ అక్క ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో చూపే ఆర్‌ఎన్‌ఏ-సీక్ డేటా తెస్తుంది, ఇంకో అన్న "రెండు గ్రాఫులు గీసిపెట్టవా తమ్ముడూ" అంటాడు, సార్ తన స్నేహితుడి ప్రాజెక్టు అప్పగిస్తారు. అందరికీ చేస్తారు, అందరూ మెచ్చుకుంటారు. అయిదేళ్లకు సీవీలో పది పేపర్లు, అన్నింట్లోనూ పేరు నాలుగోదో అయిదోదో. పెళ్లి వంటంతా చేసిపెట్టినవాడు ఫొటోలో లేనట్టు ఉంటుంది పరిస్థితి. పోస్ట్‌డాక్‌కి అప్లై చేస్తే "ఇందులో నీ ప్రశ్న ఏది?" అన్నప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు.

ఇలా ఆగిపోయిన తెలివైన పిల్లలను చాలామందిని చూశాను. వాళ్లలో ఎవరికీ కష్టపడడం చేతకాక కాదు. కాదనడం చేతకాక. మన దగ్గర పెద్దవాళ్లు అడిగితే కుదరదని చెప్పలేం కదా. అందుకే చేరిన మొదటి నెలలోనే గైడ్‌తో మాట్లాడి తేల్చుకోవాలి: నా థీసిస్ ప్రశ్న ఇది, నా సమయంలో ఇంత భాగం ఇతరుల పనికి, విశ్లేషణ మొత్తం నాదే అయితే మొదటి పేరు పంచుకుంటాం. ఈ మాట అడగడానికి మొహమాటపడే చోట పీహెచ్‌డీ చేయకండి. అడిగితే మొహం మాడ్చుకునే గైడ్ దగ్గర అసలే వద్దు.

సహకారం వద్దని నేను అనడం లేదు. మధ్యలో పేరుతో కొన్ని పేపర్లు ఉండడం మంచిదే, నలుగురితో పనిచేయగలరని తెలుస్తుంది. కానీ పీహెచ్‌డీ అయ్యేసరికి మీ పేరు ముందున్న పేపర్లు ఒకటి రెండైనా ఉండాలి, అవి రెండూ ఒకే దిక్కుకు వెళ్తూ ఉండాలి.

సాఫ్ట్‌వేర్ టూల్ రాసి పేరు తెచ్చుకోవడం ఇంకో దారి. హెంగ్ లీ ఉదాహరణ చూసి అందరూ అటు ఆశపడతారు. టూల్ రాయడానికి ఆరు నెలలు పడితే, దాన్ని నడిపించడానికి పదేళ్లు పడుతుంది. "మా దగ్గర ఇన్‌స్టాల్ కావడం లేదు" అని ఎక్కడెక్కడి నుంచో మెయిళ్లు వస్తాయి, వాటికి జవాబివ్వడానికి ఏ ప్రాజెక్టులోనూ డబ్బుండదు. థీసిస్ అయిన ఏడాదికే లింక్ పనిచేయని వెబ్‌సర్వర్లు మన దేశంలోనూ బయటా కోకొల్లలు. నడిపించే ఓపిక ఉంటేనే టూల్ పెట్టుకోండి.

ల్యాబ్ ఎంచుకోవడం గురించి. సంస్థ పేరు చూసి చేరేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం మూడు సంగతులు చూడమంటాను. ఆ ల్యాబ్ నుంచి పీహెచ్‌డీ చేసి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ల్యాబ్‌లో విద్యార్థుల పేరు ముందున్న పేపర్లు ఎన్ని? డేటా ఎక్కడి నుంచి వస్తోంది: పక్కనే ప్రయోగాలు చేసే గ్రూపు ఉందా, లేక అందరికీ దొరికే పబ్లిక్ డేటా మాత్రమేనా? పబ్లిక్ డేటాతోనే గొప్ప పని చేసేవాళ్లున్నారు. కానీ అదే డేటాను చైనాలో, అమెరికాలో మీకంటే పెద్ద బృందాలు చూస్తుంటాయి. అక్కడ మీ ప్రశ్న వాళ్లకు తట్టనిదై ఉండాలి.

హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సిస్టమ్స్ అండ్ కంప్యూటేషనల్ బయాలజీ విభాగం, ట్రిపుల్ ఐటీలో ఈ పని చేసే సెంటర్ ఉన్నాయి. బెంగళూరులో ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్, చెన్నైలో ఐఐటీ మద్రాస్, మ్యాట్‌సైన్స్, ఢిల్లీలో ట్రిపుల్ ఐటీ, జేఎన్‌యూ, ఐజీఐబీ. పుణె యూనివర్సిటీలో బయోఇన్ఫర్మాటిక్స్ సెంటర్ చాలా పాతది. ఇవన్నీ మంచివే, కానీ ప్రతిదాంట్లోనూ విద్యార్థులను ఎదగనిచ్చే గ్రూపులూ ఉన్నాయి, ఎదగనివ్వనివీ ఉన్నాయి. ప్రస్తుత విద్యార్థికి ఒక ఫోన్ చేస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

పరీక్షల సంగతి క్లుప్తంగా: సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్, డీబీటీ బెట్, గేట్‌లో బయోటెక్నాలజీ లేదా లైఫ్ సైన్సెస్, ఎన్‌సీబీఎస్-టీఐఎఫ్‌ఆర్ వాళ్ల పరీక్ష. సొంత ఫెలోషిప్‌తో వెళ్తే గైడ్‌ని మీరు ఎంచుకుంటారు, లేకపోతే గైడ్ మిమ్మల్ని ఎంచుకోవాలి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) ఎంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. నెట్ సిలబస్‌లో కంప్యూటేషనల్ భాగం చాలా తక్కువ. మిగతా బయాలజీ అంతా చదవాలి, తప్పదు. చదివినందుకు నష్టం లేదు, తర్వాత ప్రశ్నలు పుట్టేది అక్కడి నుంచే.

డబ్బు, ఏళ్లు. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000, దాని మీద ఇంటద్దె భత్యం. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ పొందినవాళ్లకు మొదలే 70,000, కానీ అవి కొద్దిమందికే. పీహెచ్‌డీకి అయిదారేళ్లు, పోస్ట్‌డాక్‌కి మూడు నుంచి అయిదు. అంటే ఇప్పుడు 23 ఏళ్లున్న మనిషికి సొంత ఉద్యోగం 31 నుంచి 34 ఏళ్ల మధ్య. ఐఐటీలో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 1,01,500తో మొదలవుతుంది, సెంట్రల్ యూనివర్సిటీలో 57,700తో. మీతో చదివి ఐటీలో చేరినవాళ్లు అప్పటికి ఫ్లాట్ ఈఎమ్‌ఐ సగం కట్టేసి ఉంటారు. ఆడపిల్లలకైతే ఈ పదేళ్లలోనే పెళ్లి, పిల్లలు అని ఇంట్లో ఒత్తిడి కూడా తోడవుతుంది. ఇది మీకు ముందే తెలిసి ఉండాలి.

జీతం రావడం లేటవుతుందన్నది ఒక కష్టమైతే, ఉద్యోగం ఏ విభాగంలో వస్తుందన్నది ఇంకోటి. కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఇంటర్వ్యూకి వెళ్తే "ఇందులో కొత్త అల్గారిదమ్ ఏముంది?" అంటారు. బయాలజీ విభాగంలో "మీకు ల్యాబ్ లేదు, డేటా ఎవరిస్తారు?" అంటారు. రెండు చోట్లా ఒకే మనిషి, ఒకే పని. పోస్ట్‌డాక్ చివరి రెండేళ్లలో ఈ రెండో ప్రశ్నకి జవాబు తయారు చేసుకోవాలి. ఫలానా ఆస్పత్రితో, ఫలానా ప్రయోగాల గ్రూపుతో కలిసి అడిగిన నా ప్రశ్న ఇది అని చూపించగలిగినవాళ్లకు ఉద్యోగం వస్తుంది. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ, విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్లకు రామలింగస్వామి ఫెలోషిప్, హైదరాబాద్‌లో ఆఫీసున్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు ఈ దశలో ఆదుకుంటాయి. వీటిలో చాలావాటికి వయసుదో, పీహెచ్‌డీ తర్వాత ఏళ్లదో పరిమితి ఉంటుంది. అందుకని రెండో పోస్ట్‌డాక్, మూడో పోస్ట్‌డాక్ అంటూ సాగదీయకండి.

పీహెచ్‌డీకే బయటికి వెళ్లాలంటే, అమెరికాలో ఫీజు, స్టైపెండ్ రెండూ వాళ్లే ఇస్తారు, అయిదారేళ్లు పడుతుంది. యూరప్‌లో చాలాచోట్ల మాస్టర్స్ అడుగుతారు, మూడు నాలుగేళ్లలో అయిపోతుంది. హైడెల్‌బర్గ్‌లోని ఈఎంబీఎల్, దానిదే అయిన కేంబ్రిడ్జ్ దగ్గరి ఈబీఐ, జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థలు ఈ రంగంలో గట్టివి. 2025లో అమెరికా ప్రభుత్వ పరిశోధన నిధుల మీద గందరగోళం వచ్చి కొన్ని యూనివర్సిటీలు బయాలజీ పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. కాబట్టి ఒక్క అమెరికానే నమ్ముకోవద్దు. డబ్బు కట్టి ఎంఎస్ చేసి, తర్వాత పీహెచ్‌డీ చూద్దాంలే అనే ఆలోచన ఈ రంగంలో నాకు నచ్చదు. అప్పు తీర్చడానికి ఉద్యోగంలో చేరాల్సి వస్తుంది, పరిశోధన అక్కడే ఆగిపోతుంది.

ఇక ఆల్ఫాఫోల్డ్. 1994 నుంచి రెండేళ్లకోసారి క్యాస్ప్ అనే పోటీ జరుగుతోంది. ప్రయోగంలో నిర్మాణం తేలినా ఇంకా బయటపెట్టని ప్రొటీన్ల సీక్వెన్సులు ఇస్తారు, ఆకారం చెప్పాలి. జవాబు పోటీదారులెవరికీ ముందు తెలియదు కాబట్టి మోసం కుదరదు. 2020 పోటీలో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ కంపెనీ ఆల్ఫాఫోల్డ్2 మిగతావాళ్లందరినీ చాలా వెనక వదిలేసింది. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రొటీన్ల అంచనా నిర్మాణాలు ఉచితంగా పెట్టారు. 2024లో ఆల్ఫాఫోల్డ్ తెచ్చిన డీప్‌మైండ్ వాళ్లు హసాబిస్, జంపర్‌లకు, ప్రొటీన్లను కొత్తగా డిజైన్ చేసిన డేవిడ్ బేకర్‌కు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. జంపర్ పీహెచ్‌డీ చేసింది షికాగోలో థియరెటికల్ కెమిస్ట్రీలో అన్నది గమనించండి.

కంప్యూటర్ అంతా తేల్చేసిందని వార్తాపత్రికల్లో రాశారు. దాని వెనక 1971లో ఏడు నిర్మాణాలతో మొదలై, ప్రయోగశాలల్లో వేలమంది యాభై ఏళ్లు కష్టపడి నింపిన ప్రొటీన్ డేటా బ్యాంక్ ఉంది. అంత శుభ్రమైన డేటా, అంత నిజాయితీగల పోటీ బయాలజీలో ఇంకే సమస్యకీ లేవు. అందుకే అదే ఊపులో కణం మొత్తాన్ని, జబ్బు మొత్తాన్ని మోడల్ చేసేస్తామనే మాటలను నేను అంత తేలిగ్గా నమ్మను. ప్రొటీన్ ఎలా కదులుతుంది, ఒక్క మ్యుటేషన్ వస్తే ఆ రోగికి ఏమవుతుంది, ఆకారమే లేని భాగాలు ఏం చేస్తాయి, ఇవన్నీ ఇంకా తెరిచే ఉన్న ప్రశ్నలు. పదేళ్ల కిందట ఒక ప్రొటీన్ నిర్మాణాన్ని హోమాలజీ మోడలింగ్‌తో (ముందే తెలిసిన దగ్గరి ప్రొటీన్ ఆకారం ఆధారంగా) కట్టడమే థీసిస్‌లో ఒక అధ్యాయం. ఇప్పుడది మధ్యాహ్నం టీ లోపు అయిపోతుంది. ఆ అధ్యాయం మీదే బతికినవాళ్లకు ఇబ్బందే.

మెషీన్ లెర్నింగ్ మీద ఆసక్తి ఉంది అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. నా దగ్గరికి రివ్యూకి వచ్చే పేపర్లలో "95 శాతం ఆక్యురసీ" అనేవాటిలో చాలావాటికి ఒకటే జబ్బు. ట్రెయినింగ్‌లో ఉన్న ప్రొటీన్లకు దగ్గరి చుట్టాలైన ప్రొటీన్లే టెస్ట్‌లోనూ ఉంటాయి. మోడల్ నేర్చుకున్నదేమీ ఉండదు, గుర్తుపెట్టుకున్నదే. సీక్వెన్స్ పోలికను బట్టి గుంపులు చేసి, గుంపు మొత్తాన్ని ఒకవైపే పెట్టి చూస్తే ఆ 95 కాస్తా కిందికి దిగిపోతుంది. ఈ ఒక్క విషయం అర్థమైనట్టు ఇంటర్వ్యూలో చెప్పగలిగితే, పది సర్టిఫికెట్లు చూపించినవాడి కంటే మీకే ఎక్కువ మార్కులు పడతాయి.

డేటా విషయంలో ఇప్పుడు మన దేశంలో కాలం బాగుంది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 10,000 మంది జీనోమ్‌లు సీక్వెన్స్ చేశారు. 2025 జనవరి నుంచి ఆ డేటా ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ ద్వారా, అనుమతి తీసుకున్న పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఇందాక చెప్పిన ఆ 81 సమూహాల్లో ఏ లోపం ఎక్కువగా ఉంది, ఏ మందు ఎవరికి పడదు అనేది తేల్చాల్సిన పని చాలానే మిగిలి ఉంది. ఈ ప్రశ్నలు బోస్టన్‌లో కూర్చున్నవాళ్లకంటే మనకు బాగా తెలియాలి.

వచ్చే ఆరు నెలల్లో ఏం చేయాలి? కోర్సుల మీద కోర్సులు చేయకండి. ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) ఉచితంగా ఉన్నాయి, అవి కూర్చుని నేర్చుకోండి. ఎమ్మెస్సీ బయోటెక్ వాళ్లకు లోటు ఉండేది అక్కడే. లైనక్స్, ఆర్ (స్టాటిస్టిక్స్‌కి వాడే లాంగ్వేజ్), గిట్ (కోడ్‌లో మార్పులు దాచే టూల్) పని చేస్తుంటే వస్తాయి. మీకు నచ్చిన ఒక పేపర్ తీసుకోండి, దాని డేటా చాలావరకు జీఈఓ అనే ఉచిత ఆన్‌లైన్ డేటా భాండాగారంలో ఉంటుంది, దించుకోండి. పేపర్‌లోని ఒక్క బొమ్మను మొదటి నుంచి మీరే తయారు చేయండి. చాలాసార్లు అలాగే రాదు. ఎందుకు రాలేదో వెతికి రెండు పేజీలు రాయండి. ఆ రెండు పేజీలు జతచేసి, మీరు నిజంగా చదివిన పేపర్ గురించి నాలుగు వాక్యాలు రాసి ప్రొఫెసర్‌కి మెయిల్ పంపండి. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్" అని మొదలయ్యే మెయిళ్లు రోజూ వస్తాయి, వాటిని ఎవరూ చివరిదాకా చదవరు.

ఇంట్లోవాళ్ల మాట కొట్టిపారేయకండి. వాళ్ల భయం డబ్బు గురించి, అందులో న్యాయం ఉంది. రేపటి నుంచి ఇంటికి మీ జీతం కావాల్సిన పరిస్థితి అయితే ఉద్యోగమే చేయండి, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. హైదరాబాద్, బెంగళూరుల్లో జీనోమిక్స్ కంపెనీలు, ఫార్మా డేటా కంపెనీలు ఉన్నాయి. చేరేముందు పని ఏమిటో అడగండి. బయోఇన్ఫర్మాటిక్స్ అని పేరు పెట్టి పేపర్లు చదివి ఎక్సెల్‌లో నింపే క్యూరేషన్ పని ఇచ్చేవి చాలా. అందులో రెండేళ్లుంటే విశ్లేషణ చేతికి రాదు. అంత అత్యవసరం లేకపోతే మీ వాళ్లను ఒక్క ఏడాది అడగండి. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, యూనివర్సిటీలు తమ వెబ్‌సైట్లలో ప్రాజెక్ట్ అసోసియేట్ పోస్టులకు ఎప్పటికప్పుడు నోటిఫికేషన్లు వేస్తుంటాయి. జీతం వస్తుంది, పక్కనే నెట్‌కి చదువుకోవచ్చు. ఏడాది ఒక ల్యాబ్‌లో కూర్చుంటే ఈ పని మీకు పడుతుందో లేదో మీకే తెలుస్తుంది, పడకపోయినా ఆర్, స్టాటిస్టిక్స్ తెలిసిన మనిషికి ఐటీలో డేటా ఉద్యోగాలు అప్పటికీ తెరిచే ఉంటాయి. మీకు ఏ జీవి, ఏ జబ్బు, ఏ అణువు మీద ఆసక్తో ఇక్కడ రాయలేదు. అది రాస్తే ఏ గ్రూపులకు మెయిల్ పెట్టాలో చెప్తాను.